పడవ రంగుకు దానయ్య మావ చెప్పిన ధర

మొన్న పని మీద కోటబొమ్మాళి వెళ్ళాను. రైలు దిగి, ఆకలేసి, రోడ్డు పక్క ఒక టిఫిన్ హోటలు ముందు ఆగేసరికి థిన్నరు వాసన ముక్కుకు తగిలింది. హోటలు ఇనుప గేటుకు ఎర్ర రంగు వేస్తున్నారు. లోపల పెనం మీద దోసె చుర్రుమంటోంది, అయినా నా కాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయాయి. రంగు ఇంకా తగలని మూల చూసి బొటనవేలి గోరుతో గీకాను. పాత రంగు పెచ్చుగా ఊడి గోట్లోకి వచ్చింది, దాని కింద తుప్పు. పెయింటరు బ్రష్షు ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏటి బాబూ, ఇడ్లీకొచ్చినావా, గేటుకి పెళ్ళిసూపులకొచ్చినావా?" అన్నాడు. నవ్వేసి లోపలికి వెళ్ళాను గాని, తిన్న ఇడ్లీకి రుచి తెలియలేదు. థిన్నరు వాసన గొంతులోకి దిగిపోయింది. దానితో పాటు దానయ్య మావ కూడా వచ్చి నా ఎదురు బల్ల మీద కూర్చున్నట్టయింది.

దానయ్య మావను మీరెవరూ చూసి ఉండరు. కళింగపట్నానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న మా చిన్న రేవు దాటి ఆయన పేరు పెద్దగా పోలేదు. పడవలకు రంగు వేయడం ఆయన పని. వేసవిలో చేపల వేట నిషేధం రోజుల్లో మా వాళ్ళు ఫైబరు పడవలను ఇసుక మీదకు లాగి బోర్లించి, పెళ్ళివారి ఇంటి గోడకు సున్నం కొట్టినట్టు, ఎవరి పడవకు వాళ్ళే ఒక డబ్బా తెచ్చి పూసుకునేవారు. కూలి ఇచ్చి, పద్ధతిగా, పనివాడి చేత రంగు వేయించుకోవడమన్నది మా రేవులో ఆయనతోనే మొదలైంది. సన్నగా, పొడుగ్గా, ఎండకు వంగిన తెడ్డులా ఉండేవాడు. ముంజేతుల వెంట్రుకల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఇరుక్కుని ఉండేది. ఆ రంగును బట్టి ఆ వారం ఎవరి పడవ పని జరుగుతోందో ఆడవాళ్ళు కుళాయి దగ్గర పందేలు కాసేవారని నేనంటే మీరు నమ్మాలి.

నేను ఆయన దగ్గరికి కుర్రతనంలో చేరలేదు. మా వైపు మగాళ్ళందరిలాగే గుజరాత్ వెళ్ళి, వెరావల్ బోట్లలో కొన్నేళ్ళు పని చేసి, అక్కడ డెక్కు మీద జారి మోకాలు విరగ్గొట్టుకుని తిరిగొచ్చినవాణ్ణి. సముద్రం మీద నిలబడలేని మనిషికి రేవులో ఏం పని? పడవల నీడన కూర్చుని కబుర్లు చెప్పడమే. అప్పట్లో నా దగ్గర గిరాకీ ఉన్న కథ ఒకటుండేది. వెరావల్‌లో ఒక షావుకారు తన బోటుకు ఎంత నున్నటి రంగు వేయించాడంటే, నీళ్ళలో అది అద్దంలా మెరిసేదట. చేపలు ముఖం చూసుకోవడానికి గుంపులు గుంపులుగా వచ్చి పక్కన నిలబడేవట. వల అక్కర్లేకుండా బుట్టలతో ఎత్తి పోసుకునేవాళ్ళమట. ఒకరోజు ఈ కథ నడుస్తుండగా దానయ్య మావ పక్కనే పడవ గీకుతున్నాడు. పని ఆపకుండానే, "ఆ సేపలు పౌడరు కూడా అడిగినాయేటిరా అల్లుడూ?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేను తడుముకోకుండా, "అడిగినాయి మావా, మా దానయ్య మావ దగ్గరున్నాదని సెప్పి పంపేసినాను," అన్నాను. ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. "రేపొద్దున్న రా. నువ్వు మాటాడు, నాను గీకుతాను," అన్నాడు. అదే నా ఉద్యోగ నియామకం.

ఆయనకు మాటల మనిషి ఎందుకు కావలసి వచ్చిందంటే, ధర దగ్గర. ఆయన ఏ పడవకూ చూసీచూడగానే ధర చెప్పేవాడు కాదు. ముందు అడుగున ఒక చోట, అరచేతి మేర, రంగులన్నీ పోయి ఫైబరు తేలేదాకా గీకేవాడు. ఒకదాని కింద ఒకటి పచ్చ, ఎరుపు, మళ్ళీ పచ్చ, ఎన్నో ఏళ్ళ రంగులు పొరలు పొరలుగా బయటపడేవి. వాటిని వేలితో తడిమి, ఏ పొర ఉప్పు మీద వేశారో, ఏ పొర కింద నీరు దిగిందో చూసుకున్నాకే నోరు విప్పేవాడు. పడవ సొంతదారులకు ఇది ఒళ్ళు మంట. "సంతలో గేదిని కొనీవోడు కూడా ముందు రేటడుగుతాడు దానయ్యా," అని ఒకాయన ఎగిరితే, "గేదికైతే పళ్ళు సూసి సెప్తాను. దీనికి పళ్ళు నేవు," అన్నాడు. అక్కణ్ణుంచి నేను అందుకునేవాణ్ణి. ఖర్చులో రంగుది చివరి మాట అని, ముందు గీకుడు, తర్వాత ఉప్పుకాగితం పెట్టి రుద్దుడు, ఆ తర్వాత మంచినీళ్ళు అని వివరించేవాణ్ణి. మా రేవులో తాగడానికే నీళ్ళు బిందెలతో మోసుకునే రోజులు. ఆయన పడవను డ్రమ్ములకు డ్రమ్ములు మంచినీళ్ళతో కడిగించేవాడు. ఆరాక వంగి నాలుకతో పడవను తాకి చూసేవాడు. ఉప్పు తగిలితే మళ్ళీ కడుగుడే. "పడవకి ముద్దులెడతన్నాడు ముసిలోడు," అని కుర్రాళ్ళు వెక్కిరించేవారు. ఆయన ఉమ్మేసి, "ఇంకా ఉప్పున్నాది, పొయ్యండి," అనేవాడు.

నా వంకర కథలకూ ఆయన వంకరలేని పనికీ మధ్య రెండు మూడు వేసవులు ఇలా హాయిగానే గడిచాయి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నూకరాజు పడవ సంగతి.

నూకరాజు మా రేవులో మంచి వేటగాడు. నీలం పడవ. తుపాన్ల కాలంలో ఒక సాయంత్రం చీకటి పడే వేళ, వల లాగుతుండగా అల కొట్టి నీళ్ళలో పడిపోయాడు. పడవలో ఆయన అన్న తాతారావూ, మరో ఇద్దరూ ఉన్నారు. వాళ్ళు ముగ్గురూ తిరిగొచ్చారు. నూకరాజు శవం కూడా దొరకలేదు. భార్య ఎర్రమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, ఇసుక మీద బోర్లించిన ఆ పడవ మిగిలారు. మనిషిని పోగొట్టుకున్న పడవను ఆ మనిషి వేసిన రంగుతో మళ్ళీ నీళ్ళలోకి దింపకూడదని మా వాళ్ళకు గట్టి పట్టింపు. పైన కొత్త రంగు పూస్తే సరిపోదు, పోయినవాడి చేతి రంగు అడుగంటా పోవాలి. అందాకా ఎవడూ ఆ పడవెక్కడు. ఎక్కేవాళ్ళు లేని పడవ ఎర్రమ్మకు చేపల గంపంత విలువ కూడా చేయదు. అమ్మేయమని తాతారావు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు.

వేసవి రాగానే ఎర్రమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకునే మా దగ్గరికి వచ్చింది. "మావా, నా పడవకి రంగెయ్యాల. ఎంతవుతాదో సెప్పు. అమ్మీమంటన్నారు. అమ్మితే ఆ డబ్బు ఎన్నాళ్ళొస్తాది? పడవుంటే పడవ వాటా వస్తాది, పిల్లలు సదువుకుంటారు," అంది. వేటకు వెళ్ళిన ప్రతిసారీ వచ్చిన దానిలో మనుషులకు వాటాలు పోను పడవకు కూడా ఒక వాటా ఉంటుంది. ఆమెకు మిగిలిన ఆస్తి ఆ వాటాయే. దానయ్య మావ లేచి, ఎప్పటిలాగే ఒక చోట గీకి, తడిమి, ధర చెప్పాడు. నేను ఉలిక్కిపడ్డాను. పైసా తగ్గించలేదు. అడుగంటా గీకాలి గనక మామూలు కన్నా ఎక్కువే చెప్పాడు. ఎర్రమ్మ నెత్తిన గంప సరిచేసుకుని, "వాటాలొచ్చినాక విడతలుగా ఇస్తాను," అంది. "అలగే," అన్నాడు.

ఆమె వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. "మావా, మొగుడు పోయిన మనిషి. కొంచెం తగ్గిస్తే నీ సొమ్మేటి పోతాది?"

"తగ్గించినాననుకో. రేపు రేవంతా ఏటంటారు? జాలిపడి రంగేసిన పడవంటారు. జాలి పడవ ఎవడెక్కుతాడ్రా? పూర్తి డబ్బిచ్చి, పూర్తి పని సేయించుకున్న పడవైతే, దాన్ని పడవలాగ సూస్తారు."

నా దగ్గర దీనికి ఇంకో మందు ఉందనుకున్నాను. తాతారావు వాళ్ళు పడవెక్కాలంటే వాళ్ళ భయం పోవాలి. భయం పోగొట్టడానికి నా చేతిలో ఉన్నది కథే గదా. నూకరాజు తెల్లవారుజామున నా కలలోకి వచ్చాడని, ఒంటి మీద పొడి బట్టలున్నాయని, పడవకు ఎర్ర రంగు వేయమని చెప్పి తన అన్న పేరు పెట్టి పిలిచాడని ఒక కథ కట్టి, ముందుగా మావకు వినిపించాను. బాగా కుదిరింది, నా ఒళ్ళే గగుర్పొడిచింది. ఆయన గీకుతున్న రేకు పక్కన పెట్టేశాడు.

"సేపల కతలు ఎన్నైనా సెప్పు. ఈ పడవ మీద కత కట్టకు," అన్నాడు. "నీ కత నమ్మి ఎక్కినోడు మొదటి పెద్ద అలకే గుండె జారిపోతాడు. అక్కడ నువ్వుండవు కదా, ఇంకో కత సెప్పడానికి."

పడవ గీకుడు మొదలైంది. ఒళ్ళంతా తేటపడుతూ వచ్చింది గాని, ముక్కు దగ్గర ఒక్క చోట మావ రేకు ఆగేది. అక్కడ ఒక అరచేయి ఉంది. పడవ కొన్న రోజున ఎర్రమ్మ పసుపు రంగులో చెయ్యి ముంచి వేసిన ముద్ర. నూకరాజు ఏటా కొత్త రంగు వేసేటప్పుడు ఆ చేతికి బ్రష్షు తగలనివ్వకుండా, వేళ్ళ సందుల్లో కూడా ఓపిగ్గా, చుట్టూ వేసుకుంటూ వచ్చాడు. అలా ఏళ్ళ తరబడి చుట్టూ పొరలు పెరిగి పెరిగి, ఆ చెయ్యి పడవ ఒంట్లోకి అచ్చుపోసినట్టు లోతుగా దిగిపోయింది. అందులో వేలు పెడితే అంచు తగిలేటంత లోతు.

ఆ ఒక్కటీ ఉంచమని ఎర్రమ్మ అడిగింది. "మావా, అదొక్కటీ ఒగ్గీ. ఆడు వేసింది కాదది, నాను వేసింది. ఆడి రంగు కాదు కదా?"

"కాదు తల్లీ. గానీ దాని సుట్టూ ఏసిందంతా ఆడే. అక్కడ ఒగ్గేస్తే అక్కణ్ణుంచే నీరు దిగుతాది. పైన నానెంత బాగా వేసినా పెచ్చులొచ్చేస్తాది." రేకు కింద పెట్టాడు. "ఎక్కీవోళ్ళ కళ్ళు కూడా రోజూ అక్కడే ఉంటాయి. నాను గీకను. నువ్వు గీకమన్నా గీకను. నీకెప్పుడు కుదిరితే అప్పుడు రా, నువ్వే గీకు. కుదరకపోతే పడవ ఇలగే ఉంటాది."

ఆడది పడవ ఒంటికి ఇనుము తగిలించకూడదని మా వాళ్ళకు ఇంకో పట్టింపు. మావ ఎర్రమ్మను గీకమన్నాడన్న మాట ఊళ్ళో పాకింది. తాతారావు కోపంగా వచ్చాడు. "ఏటి మావా, ముసిలితనంలో కొత్త ఆసారాలెడతన్నావు?" అన్నాడు. "ఆ సెయ్యి గీకీ హక్కు నీకున్నాదా, నాకున్నాదా? నీకున్నాదంటే ఇదిగో, గీకు," అని దానయ్య మావ రేకు చాపాడు. తాతారావు ఆ రేకు అందుకోలేదు. వెళ్ళిపోనూ లేదు. కొంచెం దూరంగా ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు.

ఎర్రమ్మ వెంటనే రాలేదు. మిగతా పడవలు రంగులు ఆరి మెరుస్తున్నాయి, ఈ ఒక్కటీ తెల్లగా, ముక్కు మీద పసుపు చేత్తో, ఎదురు చూస్తూ ఉండిపోయింది. తాతారావు ఏదో ఒక వంకతో రోజూ అటు వచ్చి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి పోయేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఎర్రమ్మ చేపలమ్ముకుని ఖాళీ గంపతో వచ్చింది. గంప దించింది. ఆ ముద్రలో తన చెయ్యి పెట్టింది. పట్టలేదు. గంపలు మోసి, చేపలు కోసి కోసి, వేళ్ళు మందమెక్కాయి. కాసేపు అలాగే చూసి, "ఓలమ్మ, ఎంత సిన్న సెయ్యో," అంది, పరాయి పిల్ల చేతిని చూసి అన్నట్టు. తర్వాత రేకు తీసుకుంది. ఫైబరు మీద ఇనుము కీచుమంటుంటే నేను చెవులు మూసుకోలేక సముద్రం వైపు తిరిగాను. మళ్ళీ చూసేసరికి ఆమె పక్కన తాతారావు ఉన్నాడు. ఉప్పుకాగితం తీసుకుని, ఆమె గీకిన చోటల్లా వెనకే రుద్దుతున్నాడు.

చెయ్యి పోయింది. కడగడాలు అయ్యాయి. దానయ్య మావ నాలుకతో చూసి తలూపాడు. "ఏ రంగు ఎయ్యమంటావు తల్లీ?" అని అడిగాడు. ఆ రోజుల్లో మా రేవులో సగానికి పైగా పడవలు నీలమే. గంగమ్మ తల్లి రంగని ఒకరు, మురికి కనపడదని ఒకరు. మావకు కూడా నీలమంటే ఇష్టం. ఒడ్డున వరసగా నిలబెడితే ఎంత అందంగా ఉంటుందో చూడమనేవాడు. ఎర్రమ్మ, "నాకేటి తెలుసు మావా, రోజూ ఎక్కీవోళ్ళు సెప్పాల," అని తాతారావు వైపు చూసింది.

"నీలం ఒద్దు," అన్నాడు తాతారావు.

ఆ తర్వాత అతడు చెప్పింది మా రేవులో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. తల వంచుకుని ఇసుకకు చెప్పాడు. "ఆడు పడినాక మేం ఆణ్ణి సూసినాం. తల కనపడతన్నాది. ఇంజను ఆపీసి అరిసినాం. గాలికి ఆడికి ఇనపడనేదు. అటూ ఇటూ తిరిగి సూసినాడమ్మా, పడవ కోసం. నీలం నీరు, నీలం పడవ, సీకటి పడతన్నాది. మేం ఇక్కడుంటే ఆడు అటేపు ఈదుకుంటెల్లిపోనాడు. మేం తిప్పుకొచ్చీసరికి ఆడక్కడ నేడు." గుప్పెడు ఇసుక తీసి జారవిడిచాడు. "ఆడి రంగని భయపడి ఎక్కనంటన్నానని అందరూ అనుకున్నారు. అననీ అని ఊరుకున్నాను. నీకెలా సెప్పాలో తెలీనేదు."

ఎర్రమ్మ ఏడవలేదు. "ఈదినాడా?" అని మాత్రం అడిగింది.

"ఈదినాడు. బాగా ఈదినాడు."

దానయ్య మావ అక్కణ్ణుంచి లేచి తన రంగుల షెడ్డులోకి వెళ్ళాడు. ఉన్న డబ్బాలన్నీ తెచ్చి, పడవకు సముద్రం వైపు ఎరుపు, పచ్చ, పసుపు, నారింజ, నీలం, ఒక్కొక్కటి ఒక్కో జానెడు పట్టీ వేశాడు. అలలు చెదరగొట్టే పొద్దువాలు వెలుతురు. పంచె కూడా ఎగగట్టకుండా తిన్నగా సముద్రంలోకి నడిచాడు. మోకాలు, నడుము, గుండె దాటి, మెడ దాకా దిగి, ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అల వచ్చినప్పుడల్లా ఆయన తల మునిగి తేలుతోంది. నేను భయపడి, "మావా, రా!" అని కేకలు పెట్టాను. ఆయన కదల్లేదు. చీకటి పడేదాకా ఒక్కొక్క పట్టీ ఎప్పుడు మాయమవుతోందో చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చాక పళ్ళు టకటకలాడుతుండగా, "నారింజ," అన్నాడు. తల తుడుచుకుంటూ, ఎవరితోనూ కానట్టు, "ఇన్నేళ్ళూ ఒడ్డు మీంచే రంగేసినానురా," అన్నాడు.

నారింజ పడవ నిషేధం ఎత్తేసిన రోజునే నీళ్ళలోకి దిగింది. తాతారావు ముందు ఎక్కాడు, మిగతావాళ్ళు అతని వెనక. ఎర్రమ్మ విడతలుగా ధర పూర్తిగా ఇచ్చేసింది. దానయ్య మావ అంతా పుచ్చుకున్నాడు, ఒక్క విడత కూడా వద్దనలేదు. ఆమె పడవ వాటా ఎవరి ముందూ చెయ్యి చాపకుండా తీసుకునేది. నీలం డబ్బా మళ్ళీ మా షెడ్డులోకి రాలేదు. కారణం ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. గట్టిగా నీలమే కావాలని ఎవరైనా పట్టుబడితే, "రంగు నేదు," అనేవాడు. ఒకసారి మాటల్లో నేను, "నీ సేత్తో ఎన్ని పడవలకి నీలం ఏసుంటావు మావా?" అని నోరు జారాను. ఆయన లేచి వెళ్ళి నీళ్ళ డ్రమ్ము మూత సరిచేసి, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. నాకు తెలిసి ఆయన మోసిన బరువుల్లో అది పెద్దది. దాన్ని ఏ కథతోనూ తేలిక చేయలేనని ఆ రోజు నాకు అర్థమైంది. పక్కన నిలబడ్డాను, అంతే.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. షెడ్డు ఇప్పుడు నాది. నా కథలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వెరావల్ చేపలకు ఇప్పుడు పౌడరే కాదు, దువ్వెన కూడా వచ్చింది. కాని పడవకు రంగు ఎంచుకునే వేళ మాత్రం నేను నోరు మూసుకుంటాను. క్యాటలాగు చూపించను. సొంతదారును చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ, మెడలోతు నీళ్ళలోకి తీసుకెళ్తాను. చొక్కా తడుస్తుందని, సెల్లు ఉందని, పిచ్చివాడినని గొణుక్కుంటూనే వస్తారు. ఈ ఏడు ఒక కుర్ర సొంతదారు వచ్చాడు, నెమలి కంఠం రంగు కావాలని పట్టుదల. మునిమాపు వేళ దింపాను. ఒక అల లేచి మా ఇద్దరి తలలూ ముంచేసింది. తేలి, కళ్ళలో ఉప్పు తుడుచుకుని ఒడ్డు వైపు చూసేసరికి మా ఎదురు వరసలోని పడవలన్నీ చీకట్లో కలిసిపోయాయి, ఎర్రమ్మ పడవ తప్ప. అతడు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. అడుగు కింద ఇసుక జారుతోంది. ఇద్దరం ఆ నారింజ రంగు మీదే చూపు నిలిపి, దాని వైపే నడిచాం.